ఓడింది మనమా, వాళ్ళా?

పరాజయానికి కారణమేమిటని అడగడం వేరు, దోషి ఎవరని అడగడం వేరు. మొదటి ప్రశ్న వస్తుస్థితిని గురించినది. రెండోది మనుషుల మీదికి పోతుంది. అది నీతికి సంబంధించిన ప్రశ్న. ఈ రెండింటినీ కలగలిపి వాదించుకోవడం రాజకీయాల్లోనూ సాహిత్యంలోనూ మనకు అలవాటే. కాని ఈ తికమక బట్టబయలుగా కనిపించే చోటు ఫుట్‌బాల్ అభిమానుల వాదన. చదువుకున్నవాళ్ళు పట్టించుకోదగిన విషయం కాదనిపించవచ్చు. నాకు అట్లా అనిపించదు.

2025 మే 21న స్పెయిన్‌లోని బిల్బావో నగరంలో యూరోపా లీగ్ తుదిపోటీ జరిగింది. మాంచెస్టర్ యునైటెడ్ జట్టు 1-0 తేడాతో టాటెన్‌హాం చేతిలో ఓడిపోయింది. మన లెక్కన ఆట మొదలయింది అర్ధరాత్రి దాటిన తరవాత. పరీక్షల కోసం హాస్టల్లో వుండిపోయిన మా విద్యార్థులు కొందరు తెల్లవారేదాకా మేలుకుని చూశారు. ఆ తరవాత వారం రోజులు వాళ్ళ మధ్య జరిగిన వాదన మామూలు వాదన కాదు. ఎదుటి గదివాడితో మాటలు మానేసినవాళ్ళు కూడా వున్నారు. జట్టు ఫామ్ ఎందుకు పోయింది, ఎవరి వల్ల పోయింది అనేదే విషయం. ఒక పక్షం ఆటగాళ్ళను తిట్టింది. మరొక పక్షం శిక్షకుడు అమోరింను, ముగ్గురు రక్షకులతో ఆడించే ఆయన పద్ధతిని తిట్టింది. మూడో పక్షం, వీళ్ళలో మన ఉద్యమాల్లో తిరిగే పిల్లలే ఎక్కువ, యజమానులు తప్ప ఎవరూ దోషులు కారన్నది.

నేను ఆట మెళకువలు తెలిసినవాణ్ణి కాను. నాకు తెలిసినది భాష. అందుచేత వాళ్ళు ఏమంటున్నారన్న దానికంటే ఎట్లా అంటున్నారన్న దాని మీదికే నా చెవి పోయింది.

మొదటిరోజు పొద్దున వాళ్ళన్న మాట: "మనం ఓడిపోయాం సార్." ఇంగ్లీషులో ఈ సర్వనామం ఒక్కటే. తెలుగులో రెండు. వినేవాణ్ణి కలుపుకుంటే 'మనం', వదిలేస్తే 'మేము'. ఏనాడూ బంతి తన్ని ఎరగని నన్ను కూడా కలుపుకుని ఓడించేశారన్నమాట! సరే, అది ఆత్మీయత. కాని రెండోరోజుకు వాక్యం మారింది. "వాళ్ళు మనల్ని ఓడించారు" అన్నారు. ఈ 'వాళ్ళు' టాటెన్‌హాం వాళ్ళనుకుంటే పొరబాటు. 'వాళ్ళు' అంటే సొంత జట్టు ఆటగాళ్ళే. గెలిచిన రోజున 'మనం'లో వుండే పదకొండుగురు, ఓడిన మర్నాటికల్లా 'వాళ్ళు'గా మారిపోయారు. అభిమాని మాత్రం 'మనం'లోనే నిలిచాడు. ఆడినవాడు వెలి అయినాడు, చూసినవాడు ఇంట్లోనే వున్నాడు.

ఇక్కడే అసలు ప్రశ్న. తానుగా చెమటోడ్చని పనికి 'మనం' అనే హక్కు అభిమానికి ఎక్కడినుంచి వచ్చింది? వచ్చిందే అనుకుందాం. గెలుపులో వాటా తీసుకునేవాడు ఓటమిలో వాటా వదులుకోవడానికి వీలున్నదా?

మనలో కొందరు దీనికి సులువైన జవాబు చెబుతారు. ఇదంతా పెట్టుబడిదారులు జనానికి పోసే మత్తుమందు. హైదరాబాదు హాస్టల్లో వున్న కుర్రవాడికి మాంచెస్టర్‌తో సంబంధమే లేదు. ఆ 'మనం' పచ్చి బూటకం అని. ఈ వాదం వినడానికి పదునుగానే వుంటుంది గాని, అందులో పస తక్కువ. తనకు కాసంత లాభం లేని దానికోసం ఒకడు నిద్ర మానుకుని, దిగులు పడి, అన్నం మానేశాడంటే దాన్ని బూటకమని కొట్టిపారెయ్యలేం. తనది కాని బాధను తనదిగా తీసుకునే శక్తి మనిషిలో వుండబట్టే కదా, మనం చెప్పుకునే సంఘీభావం అనేది సాధ్యమవుతున్నది! ఆ శక్తిని ఎవరు వాడుకుంటున్నారు, ఎటు మళ్ళిస్తున్నారు అనేది వేరే ప్రశ్న. వాడుకునేవాడు దొంగ అయినంత మాత్రాన వస్తువు దొంగది కాదు.

పైగా ఆ 'మనం'కు చరిత్ర వున్నది. ఈ క్లబ్బు పుట్టింది 1878లో, న్యూటన్ హీత్ అనే చోట, లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వేలో పెట్టెలు తయారుచేసే కార్మికుల మధ్య. వాళ్ళ చొక్కాల రంగులు ఆకుపచ్చ, బంగారు వన్నె. 1902లో అప్పుల్లో మునిగితే ఒక సారా వ్యాపారి ఆదుకున్నాడు; పేరు మారింది, రంగు ఎరుపయింది. 1901 నుంచి ఇంగ్లండులో ఆటగాడి జీతానికి వారానికి 4 పౌండ్లని గరిష్ఠ పరిమితి పెట్టారు. క్లబ్బు విడుదల చేస్తే తప్ప మరొక చోటికి పోయే స్వేచ్ఛ వాడికి లేదు. దీనికి విరుగుడుగా 1907లో ఆటగాళ్ళ యూనియన్ మాంచెస్టర్‌లోనే ఏర్పడింది; బిల్లీ మెరిడిత్ అందుకు ముందు నిలిచినవాళ్ళలో ఒకడు. 1909లో ఫుట్‌బాల్ అధికారులు యూనియన్‌ను వదులుకోకపోతే ఆడనివ్వం పొమ్మన్నారు. దేశంలో చాలామంది లొంగిపోయారు. ఆ ఏడాదే ఎఫ్.ఎ. కప్పు గెలిచిన యునైటెడ్ ఆటగాళ్ళు లొంగలేదు. తమను తాము వెలివేయబడినవాళ్ళ జట్టని పిలుచుకుంటూ, ఆ పేరు రాసిన పలకను ముందు పెట్టుకుని ఫోటో దిగారు. చివరికి అధికారులే రాజీకి దిగివచ్చారు. జీతాల పరిమితి మాత్రం 1961 దాకా పోలేదు.

ఈ కథ మా విద్యార్థుల్లో ఒక్కడికీ తెలియదు. ఎవరు ఏ నెలలో ఎన్ని గోల్స్ వేశారో కంఠతా వచ్చినవాళ్ళకు ఇది తెలియకపోవడం వాళ్ళ తప్పని నేననను. ఇటువంటి జ్ఞాపకం అమ్మకానికి పనికిరాదు గనక ఎవరూ వాళ్ళకు చెప్పలేదు.

ఇక 'ఫామ్' సంగతి. ఈ మాటకు తెలుగు లేదు. అభిమానుల నోట అది పని చేసే తీరు చూస్తే మాత్రం మనకు బాగా తెలిసినదే. 'ఫామ్ పోయింది', 'ఫామ్ వచ్చింది', 'ఫామ్‌లో లేడు' అంటారు. 'దశ తిరిగింది', 'శని పట్టింది' అన్నట్టే వుంటుంది. పూనకం లాగా అది ఎక్కడినుంచో వచ్చి మనిషిని ఆవహిస్తుంది, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది. సాహిత్యంలో కూడా ఫలానా కవికి ప్రతిభ ఇంకిపోయిందనే విమర్శకులున్నారు. ఆ కవి బతుకులో, పాఠకుల్లో, పత్రికల్లో ఏం మారిందో చూడనక్కర లేకుండా చేసే మాట అది. అభ్యుదయ సాహిత్యం స్తబ్ధత పాలైందని 1960ల్లో మనవాళ్ళే ఎన్ని సభల్లో తగువులాడుకోలేదు!

వస్తుస్థితి ఏమిటి? ఆ ఏడు లీగులో యునైటెడ్ 42 పాయింట్లతో 15వ స్థానంలో ముగించింది. 1974లో కింది శ్రేణికి దిగిపోయిన తరవాత అంత అడుగున ఎన్నడూ ముగించలేదు. కాని అదే మనుషులు, అవే కాళ్ళతో, యూరోపా లీగులో తుదిపోటీ దాకా ఒక్క ఆట కూడా ఓడలేదు. ఏప్రిల్‌లో లియోన్ జట్టు మీద అదనపు సమయంలో 2-4తో వెనకబడి, ఆఖరి నిమిషాల్లో 5-4తో గెలిచారు. మరి ఫామ్ ఎక్కడ వున్నట్టు? గురువారం వచ్చి ఆదివారం పోయేదా అది? వాళ్ళను గెలిచిన టాటెన్‌హాం లీగులో 17వ స్థానంలో వున్నది, అంటే వీళ్ళకంటే రెండు మెట్లు కిందనే. ఆ ఒక్క గోల్ ఇటు పడివుంటే మా హాస్టల్లో అమోరిం మేధావి, ఆటగాళ్ళు వీరులు, యజమానులు కూడా కాస్త నయమే అయివుండేవాళ్ళు. మనుషులు మారరు, వాళ్ళు చేసిన పని మారదు. వాళ్ళ శీలం గురించిన తీర్పు మాత్రం తలకిందులవుతుంది! ఫలితాన్ని చూసి గుణాన్ని నిర్ణయించే ఈ పద్ధతి ఎంత అన్యాయమో గెలిచినవాడికీ తెలిసివచ్చింది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మనవాళ్ళ సామెత. కప్పు తెచ్చిన టాటెన్‌హాం శిక్షకుడు పోస్టెకోగ్లూను 16 రోజుల్లో పంపేశారు. ఓడిన అమోరిం ఆ వేసవి దాటేదాకా పదవిలోనే వున్నాడు.

శిక్షకుణ్ణి మారిస్తే పోయిన దశ తిరిగి వస్తుందన్న నమ్మకం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. 2013లో ఫెర్గూసన్ విరమించిన తరవాత మోయస్, వాన్ హాల్, మూరిన్యో, సోల్‌షర్, రాంగ్నిక్, టెన్ హాగ్, అమోరిం వచ్చారు. వీళ్ళు ఒకరి పద్ధతికి ఒకరు పొంతన లేనివాళ్ళు. ఫెర్గూసన్ కూడా 1986లో వచ్చి మూడేళ్ళకు ఒక్క కప్పూ తేలేదు. 1989లో మైదానంలోనే ఆయన్ను పొమ్మని బట్ట మీద రాసి ఎత్తిచూపారు. ఆయన్ను అప్పుడు పంపలేదు. 1967 తరవాత మళ్ళీ లీగు గెలవడానికి 1993 దాకా పట్టింది. అక్కడినుంచి ఆయన హయాంలో 13 సార్లు గెలిచారు. ఓపిక పడితే ఎవరైనా ఫెర్గూసన్ అవుతారని దీనర్థం కాదు. కారణాలు ఒక మనిషి కంటే పెద్దవనీ, ఒక ఏడాది కంటే పొడవైనవనీ మాత్రం అర్థమవుతుంది.

మూడో పక్షం పిల్లలు ఈ మాట విని సంతోషించారు. "అందుకే సార్ మేం యజమానులను అంటున్నాం" అన్నారు. వాళ్ళు చెప్పిన దాంట్లో సత్యం చాలా వున్నది. 2005లో అమెరికా వ్యాపారి గ్లేజర్ దాదాపు 79 కోట్ల పౌండ్లకు ఈ క్లబ్బును కొన్నాడు. ఆ సొమ్ములో పెద్ద భాగం అప్పు. ఆ అప్పులో పెద్ద భాగాన్ని క్లబ్బు నెత్తినే పెట్టాడు. ఒక ఇంటిని కొని, కొనడానికి చేసిన అప్పును ఆ ఇంట్లో కాపురమున్నవాళ్ళ చేత తీర్పించడం లాంటిది. అతనికి ఈ అవకాశం ఎట్లా వచ్చిందన్నది మరీ విచిత్రం. పెద్ద వాటాదారులైన మాగ్నియర్, మెక్‌మానస్‌లకూ ఫెర్గూసన్‌కూ ఒక పందెపు గుర్రం మీద హక్కుల విషయంలో తగవు వచ్చింది. ఆ తగవు తీరిన మరుసటేడు వాళ్ళు తమ వాటాను గ్లేజర్‌కు అమ్మేసి పోయారు. గోవన్‌లో ఓడలు కట్టే కార్మికుడి కొడుకు, కుర్రతనంలో గ్లాస్గో అప్రెంటిసుల సమ్మెలో ముందు నడిచినవాడు ఫెర్గూసన్. అటువంటివాడు గుర్రం కోసం కోటీశ్వరులతో తగువు పడడమేమిటని నాకు అనిపిస్తుంది. అయితే అది వేరే వ్యాసం.

ఇంత సత్యమున్నా ఈ మూడో పక్షంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. అన్నిటికీ యాజమాన్యమే కారణం, కనక ఎవరూ దోషులు కారు అనడం మార్క్సిజం కాదు, వేదాంతం. విధి స్థానంలో వ్యవస్థను కూచోబెట్టడమే అది. తన చేతిలోని పనిని శ్రద్ధగా చెయ్యడం, చెయ్యకపోవడం ఆటగాడి వశంలో కొంత వుంటుంది. వెనక్కి పరుగెత్తవలసిన చోట నడిచినవాణ్ణి అడగవలసిందే. వాణ్ణి అడగకపోవడం వాణ్ణి గౌరవించడం కాదు, యంత్రంగా చూడడం. 'వాడికి వారానికి లక్షల పౌండ్లిస్తున్నారు, వాడు కార్మికుడెట్లా అవుతాడు' అనేవాళ్ళ వాదం మరొక రకం పొరబాటు. ఎక్కువ జీతం వచ్చినంత మాత్రాన అధికారం రాదు. వాణ్ణి ఎక్కడ ఆడించాలో, ఎప్పుడు అమ్మాలో వేరేవాళ్ళు నిర్ణయిస్తారు.

బాధ్యతను ఎట్లా పంచాలి? మరొక విధంగా చెయ్యగల శక్తి ఎవరికి ఎంత వున్నదో అంతమేరకు పంచాలని నేను అనుకుంటాను. లోకంలో జరిగేది దీనికి విరుద్ధం. ఎవడు ఎంత కనిపిస్తే అంత తిట్టు. బంతి వదిలేసిన గోల్‌కీపరు ముఖాన్ని పదిసార్లు తిప్పి తిప్పి చూపిస్తారు. అప్పు పత్రం మీద సంతకం చేసిన చెయ్యి ఒక్కసారి కూడా తెర మీద కనిపించదు. 2022 ఏప్రిల్‌లో అప్పటి కెప్టెన్ మాగ్వయర్ ఇంటికి బాంబు బెదిరింపు వస్తే పోలీసులు కుక్కలతో వెతకవలసి వచ్చింది. అంతకంటే ఘోరం 1994లో జరిగింది. ప్రపంచ కప్పు పోటీలో సొంత గోల్ పడిన పది రోజులకు కొలంబియా ఆటగాడు ఆంద్రెస్ ఎస్కొబార్‌ను మెదెయిన్ నగరంలో కాల్చి చంపారు. అందుబాటులో వున్న శరీరం మీదనే కోపం తీరుతుంది.

ఇంతవరకు చెప్పిన ముగ్గురు కాక నాలుగోవాళ్ళు వున్నారు. వారమంతా సాగిన వాదనలో వాళ్ళ ప్రసక్తి ఒక్కసారీ రాలేదు. 2024 ఫిబ్రవరిలో రాట్‌క్లిఫ్ అనే రసాయనాల వ్యాపారి క్లబ్బులో నాలుగోవంతుకు పైగా వాటా కొన్నాడు. ఆ ఏడాది పొదుపు పేరుతో దాదాపు 250 మంది సిబ్బందిని తీసేశారు. 2025 ఫిబ్రవరిలో మరో 150 నుంచి 200 మంది దాకా తీసేస్తామన్నారు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో పనివాళ్ళకు ఉచితంగా పెట్టే మధ్యాహ్న భోజనం ఆపి పండ్లు ఇస్తామన్నారు. పిల్లలకూ ముసలివాళ్ళకూ వుండే రాయితీ లేకుండా మిగిలిన టిక్కెట్లు 66 పౌండ్లు చేశారు. వీళ్ళెవరూ బంతిని గోల్‌కు పక్కగా తన్నలేదు. రక్షకులను ముగ్గురిని నిలబెట్టాలా నలుగురినా అని వీళ్ళను ఎవరూ అడగలేదు. కాని జట్టు దిగజారినందుకు అందరికంటే ముందు మూల్యం చెల్లించినవాళ్ళు వీళ్ళు.

ఈ సంగతి నేను ప్రస్తావిస్తే ఒక విద్యార్థి మర్యాదగానే అన్నాడు: "అది ఆటకు సంబంధించింది కాదు కదా సార్." అంత తెలివైన కుర్రవాడు ఆ మాట అనడం నాకు బాధ కలిగించింది. చొక్కా ఉతికిన మనిషి, టిక్కెట్టు అమ్మిన మనిషి, వంటవాడు లేకుండా పదకొండుగురు మైదానంలోకి ఎట్లా వచ్చారు? హైదరాబాదులో కూచుని మేలుకున్నవాడికి 'మనం'లో చోటున్నది. ఇరవయ్యేళ్ళు ఆ మెట్లు తుడిచినదానికి లేదా? అభిమాని తనకున్న హక్కును నిరూపించుకోవాలంటే ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోక తప్పదు.

దూరపు ఉదాహరణ చాలనివాళ్ళకు దగ్గరిది కూడా వున్నది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన దేశం యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. శిక్షకుడు హైదరాబాదీ రహీం. స్కూలు మాస్టరుగా పనిచేసినవాడు, 1950 నుంచి వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దినవాడు. పది గోల్స్ తిన్న మనుషులను దోషులని వెలివేసివుంటే కథ అక్కడితో ముగిసేది. కారణాన్ని వెతికారు, బూట్లు తప్పనిసరి చేశారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం జట్టు నాలుగో స్థానం దాకా పోయింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడి, చివరికి అదే కొరియాను తుదిపోటీలో 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. సికింద్రాబాదువాడు బలరాం ఆ జట్టులో వున్నాడు. మరుసటేడు రహీం చనిపోయాడు.

ఆ తరవాత హైదరాబాదు ఆట క్రమంగా ఎండిపోయింది. దాన్ని గురించి ఏ హాస్టల్లోనూ ఎవరూ మాటలు మానుకోలేదు. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే కొత్త క్లబ్బు వచ్చింది, 2022లో ఐ.ఎస్.ఎల్. గెలిచింది. ఏడాది తిరగ్గానే జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో జట్టు అట్టడుగున పడింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. ఫామ్ పోవడమంటే ఏమిటో తెలియాలంటే ఇంతకంటే స్పష్టమైన దృష్టాంతం లేదు. కాని మాంచెస్టర్ ఓటమికి అన్నం మానేసిన కుర్రవాళ్ళలో ఈ సంగతి వివరంగా తెలిసినవాళ్ళు ఇద్దరే కనిపించారు.

ఓటమి తరవాత వాదన మనకు కొత్త కాదన్నాను. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు వందకు 31 ఓట్లు వచ్చినా 196 స్థానాల్లో దక్కినవి 15. ఆనాడు కూడా ప్రజలు 'వాళ్ళు'గా మారిన క్షణాలున్నాయని పెద్దలు చెబితే విన్నాను. కొందరు నాయకుల పేర్లు తిట్టుగా మారాయి. పోలైన ఓట్లు ఏమంటున్నాయో కూర్చుని లెక్కవేసినవాళ్ళు తక్కువ.

మాంచెస్టర్‌లో కొందరు అభిమానులు వేరే దారి పట్టారు. గ్లేజర్ కొన్న 2005లోనే ఎఫ్.సి. యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు. మనిషికి ఒక ఓటు. వాటా పెద్దదైనా చిన్నదైనా అంతే. కింది శ్రేణుల్లో ఆడతారు, తరచు ఓడతారు. అక్కడ తగవులు లేవని కాదు. 2016లో పాలకవర్గం మీద సభ్యులే తిరగబడగా కొందరు తప్పుకోవలసి వచ్చింది. అక్కడి గోల్‌కీపరును తిట్టేవాళ్ళు కూడా తిడుతూనే వుంటారని నా అనుమానం. కాని తిట్టినవాడు ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశానికి పోయి, తన క్లబ్బు జమాఖర్చుల కాగితం ముందు పెట్టుకుని, ఎవరి జీతం తగ్గించాలో ఎవరిది తగ్గించకూడదో తానే చెయ్యెత్తి చెప్పవలసి వస్తుంది.